దొరువుకు బావి అని పేరు పెడితే
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు నిఘంటువులు తిరగేసే మనిషి గదా, ఒక అరగంట వేరే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. 34 ఏళ్లు ఫైళ్లలో నోట్లు రాసిన గుమాస్తాకు సభలో నోటితో మాట్లాడడం అలవాటు లేదు. అందుకని రాసి తెచ్చుకున్నాను. చదువుతాను. మధ్యలో కునుకు పట్టినవారు మొహమాటపడవద్దు.

నేను ఎంచుకున్న విషయం చిన్నది. లోపలికి వంగిన ఆకారాలకు మనం వాడే మాటలు. ఇదేమి విషయమండీ అని మీలో కొందరికి అనిపించవచ్చు. చివరకు వచ్చేసరికి ఈ విషయాన్ని ఎందుకు పట్టుకున్నానో మీకే తెలుస్తుంది. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది.

దీనికి మూలం మా మనవడు. ఒకనాటి సాయంత్రం పుస్తకం పట్టుకొని వచ్చి, "తాతా, పుటాకార దర్పణం అంటే లోపలికి వంగిందా, బయటికి వంగిందా? నాకు ఎప్పుడూ తారుమారు అవుతుంది" అన్నాడు. వాడు బట్టీ పట్టాడు గాని మాట అర్థం వాడికి ఎవరూ చెప్పలేదు. నేను వంటింట్లోనుంచి ఒక గరిటె తెచ్చి చేతికిచ్చాను. "లోపలి వైపు చూడు" అన్నాను. ముఖం తలకిందులుగా కనబడింది. "వెనక్కు తిప్పి చూడు" అన్నాను. ముఖం నిటారుగా, చిన్నదిగా కనబడింది. "మొదటిది పుటాకారం, రెండోది కుంభాకారం. గరిటె ఒక్కటే, నువ్వు చూసిన వైపే మారింది" అని చెప్పాను.

పుటం అంటే సంస్కృతంలో మడత, దొప్ప. ఆకును మడిచి దొన్నె కుట్టితే అది పుటం. రెండు చేతులూ చేర్చి దోసిలి పడితే అంజలిపుటం. ముక్కుపుటాలు, కర్ణపుటాలు అనే మాటలు మనం ఇప్పటికీ వాడుతున్నాం. కుంభం అంటే కుండ. కుండను బయటినుంచి చూస్తే పొట్ట ఉబ్బి ఉంటుంది, కాబట్టి ఉబ్బిన ఆకారం కుంభాకారం. దొన్నెనూ కుండనూ గుర్తు పెట్టుకుంటే ఏ పిల్లవాడికీ తారుమారు కాదు. ఇంకొక మాట. ఆ కుండలోకే తొంగి చూస్తే కనబడేది పుటాకారం. అంటే ఈ మాటలు వస్తువుకు పెట్టిన పేర్లు కావు, మనం ఎటు నిలబడి చూస్తున్నామో చెప్పే మాటలు.

మన సూళ్లూరుపేటలో తమిళం తెలియని ఇల్లు తక్కువ. తమిళ పాఠ్యపుస్తకాల్లో పుటాకార దర్పణాన్ని కుళి ఆడి అంటారు. కుళి అంటే గుంట. కుంభాకారానికి కువి అంటారు, కుప్పగా పోసినట్లు పైకి లేచిందని. చదువురాని వాడికి కూడా అర్థమవుతుంది. కన్నడంలో నిమ్న, పీన అంటారు. హిందీలో అవతల్, ఉత్తల్. ఇంగ్లీషులో కాన్‌కేవ్ అన్న మాటలోనే గుహ అనే అర్థమున్న కేవ్ కూర్చుని ఉంది. అన్ని భాషలవారూ చుట్టూ ఉన్న గుంటనో, గుహనో, ఆకుదొన్నెనో చూసే పేరు పెట్టారు.

నిమ్న అనే మాట వచ్చింది గనుక ఒకటి చెప్పి ముందుకు పోతాను. నిమ్నం అంటే పల్లం. నేల నిమ్నోన్నతాలు అంటే ఎత్తుపల్లాలు. ఈ మాటనే మనుషులకు తగిలించి నిమ్న జాతులు అని రాసిన రోజులు ఉన్నాయి. మనలో కొందరం ఆ మాటను అలవాటుగా కాపీ చేసినవాళ్లమే. పల్లం నేలకు ఉంటుంది గాని మనిషి పుట్టుకకు ఉండదు. ఆకారపు మాటను చోటు కాని చోట వాడితే ఎంత దూరం పోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక మన ఇళ్లలోని మాటలకు వద్దాం. సైన్సు పుస్తకానికి ఒక్క పుటాకారం చాలు. ఇంటికి చాలదు. చెయ్యి ఒక్కటే చూడండి. ఒక్క అరచేతిని గుంటగా చేస్తే పుడిసిలి, రెండూ కలిపితే దోసిలి. పుడిసెడు నీళ్లు, దోసెడు గింజలు, చారెడు బియ్యం. తూకం రాళ్లు లేని రోజుల్లో చేతి గుంటే కొలత. అంటే ఆ మాట ఆకారాన్నే కాకుండా, అందులో ఎంత పడుతుందో కూడా చెబుతుంది.

చిప్ప అన్నామంటే గట్టిది, ఒక వైపు గుంట ఉన్నది. కొబ్బరిచిప్ప, ఆల్చిప్ప. మోకాలిచిప్ప దగ్గర మాత్రం మనకు కనబడేది ఉబ్బిన వైపే. ఇక్కడున్న వారిలో సగంమందికి దాని సంగతి నాకన్నా బాగా తెలుసు. దొప్ప అంటే పలుచనిది, మెత్తనిది. చెవులు ముందుకు వంగి ఉంటే దొప్ప చెవులు అంటాం గాని చిప్ప చెవులు అనం. సొట్ట వేరు. అది దెబ్బ తగిలి లోపలికి పోయింది. కొత్త బిందెకు సొట్ట పడితే ఇంట్లో గొడవ. అదే పసిబిడ్డ నవ్వితే బుగ్గన సొట్ట పడిందని మురిసిపోతాం. బోలు, డొల్ల అనేవి ఇంకా వేరు. వాటికి వంపుతో పని లేదు. పైకి నిండుగా కనబడి లోపల ఏమీ లేనిది డొల్ల. గుంటను కంటితో చూడవచ్చు, డొల్లతనం తట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకొక చక్కని జత ఉంది. వెల్లకిల, బోర్లా. పాతకాలపు గూనపెంకుల ఇల్లు మీ అందరికీ గుర్తుంటుంది. కింది వరుస పెంకులను వెల్లకిలా పరుస్తారు, వాన నీరు పారడానికి. వాటి సందుల మీద పై వరుసను బోర్లా వేస్తారు, నీరు లోపలికి దిగకుండా. ఒకే కుమ్మరి చేసిన ఒకే పెంకు, వెల్లకిలా వేస్తే కాలువ, బోర్లా వేస్తే కప్పు. ఇంటి కప్పు మీద ఎక్కి పెంకులు సర్దే మనిషికి పుటాకారం, కుంభాకారం తెలియకపోవచ్చు. ఆయనకు తెలియవలసింది ఆ రెండు మాటల్లోనే ఉంది.

మనకు దగ్గరలోని నేలపట్టుకు పోయి చూడండి. అక్కడ చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు పెట్టే పెద్ద పక్షిని మనం గూడబాతు అంటాం. గూడ అంటే ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి తాళ్లతో ఊపుతూ, గుంటలోని నీళ్లను పైనున్న మడిలోకి చిమ్మే బుట్ట. గూడ వేయడం ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ఆ పక్షి కింది ముక్కుకు సంచి ఉంటుంది. నీళ్లతో సహా చేపలను ఎత్తి, నీళ్లు వదిలేసి, చేపను మింగుతుంది. దానికి ఆ పేరు పెట్టినవాడు రైతై ఉండాలి. గూడ పోయింది, పక్షి పేరులో మిగిలింది.

కొడవలిని చూడండి. దానికి రెండు వంపులున్నాయి, బయటి వంపు మొద్దు, లోపలి వంపుకే పదును. దుబ్బును లోపలికి పట్టి కోయాలి గదా. మన షార్ కేంద్రంలో ఆకాశం వైపు నోరు తెరుచుకొని ఉండే పెద్ద డిష్ యాంటెన్నాలదీ లోపలి వంపుదే పని. దూరం నుంచి వచ్చే బలహీనమైన తరంగాలు ఆ గిన్నెలో ఎక్కడ పడినా ఒక్క చోటికే చేరతాయి. మా వీధిలో మొదటిసారి ఒకరి మేడ మీద డిష్ పెట్టినప్పుడు మా అత్తగారు చూసి, "అంత పెద్ద మూకుడు మేడ మీద ఎందుకు పెట్టినారబ్బా, వాన నీళ్లకా?" అని అడిగింది. అందరం నవ్వాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె తప్పేమీ అనలేదు. పైనుంచి పడేదాన్ని పట్టుకోవడానికే పెట్టారని ఆకారం చూసి చెప్పింది.

ఇంతవరకూ వస్తువులు. ఇప్పుడు నేల. మన ఉద్యోగాలు చాలావరకు నేల చుట్టూ తిరిగినవే.

నేల లోపలికి పోయిన చోటుకు మనకు ఎన్ని మాటలో చూడండి. పల్లం, గుంట, గొయ్యి, లోయ, కోన, మడుగు. పల్లం అంటే నీరు వచ్చి చేరే నేల. గుంట అంటే నీరు నిలిచే చోటు. గొయ్యి మనిషి తవ్వింది. గుంట అనే మాట ఎంత చిక్కు పెడుతుందో ఉమ్మడి రాష్ట్రంలో పనిచేసిన వారికి తెలుసు. మన వైపు గుంట అంటే నీటి గుంట. తెలంగాణలో గుంట అంటే 121 చదరపు గజాలు, 40 గుంటలైతే ఎకరం. "రెండు గుంటలు గలవు" అని ఒక కాగితంలో ఉంటే, అది నీరో నేలో ఆ కాగితం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తేనే తెలుస్తుంది.

సరిహద్దుల సంగతీ అంతే. "గట్టు వంపు తిరిగి ఉన్నది" అని రాసి ఊరుకుంటే సరిపోదు. ఎటు? ఒక రైతు పొలంలోకి చొచ్చుకొచ్చిన వంపు పక్క రైతుకు కలిసివచ్చిన నేల. గీత ఒక్కటే, ఇటు నష్టం, అటు లాభం. వంపు ఎవరి వైపో రాయని ఒక్క వాక్యం అన్నదమ్ములను కోర్టుకు ఎక్కించగలదు.

మన ఊరికి తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట దీవి, ఆపైన బంగాళాఖాతం. ఖాతం అంటే తవ్వినది. అఖాతం అంటే మనుషులు తవ్వనిది. సముద్రం భూమిలోకి వంగి వచ్చిన ఆ పెద్ద ఒంపును ఎవరూ తవ్వలేదు గనుక ఆ పేరు తగింది. ఆ అఖాతం ఒడ్డున ఇసుక నేలల్లో మనుషులు తవ్వుకున్నది ఒకటుంది. దాని పేరు దొరువు. పులికాట్ సముద్రంలో కలిసే ఒక మొగకు రాయదొరువు అని పేరుండడం మీకు తెలిసిందే. నేను చెప్పేది ఊళ్లలో నారుమళ్ల పక్కన ఉండే దొరువుల గురించి.

దొరువును చూసినవారు చేతులెత్తండి. ఫరవాలేదు, చాలామందే ఉన్నారు. చూడనివారి కోసం చెబుతాను. ఇసుక నేలలో వెడల్పుగా, అంచులు ఏటవాలుగా, పెద్ద మూకుడు లాగా తవ్విన గుంట అది. కొద్ది అడుగుల్లోనే ఊట వస్తుంది. మనిషి కుండలు పట్టుకొని ఆ ఏటవాలున నడుచుకుంటూ దిగి, ముంచుకొని ఎక్కి, నారుమళ్లకు పోస్తాడు. సరుగుడు నారు, మిరప నారు, పొగాకు నారు అలా పెంచినవే. దానికి ఒర ఉండదు, గిలక ఉండదు. లోతుగా ఎందుకు తవ్వలేదు? బద్ధకం కాదు. సముద్రపు ఒడ్డున ఇసుక కింద ఉప్పునీరు ఉంటుంది. వాన నీరు ఇసుకలో ఇంకి దాని మీద తేలుతూ ఉంటుంది. లీటరు మంచినీరు 1,000 గ్రాములైతే సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు. ఆ కాస్త తేడాతోనే మంచినీరు పైన నిలబడుతుంది. మీగడ తీసినట్లు పైపైన తీసుకోవాలి. దొరువు చేసేది అదే.

లోతుగా తవ్వి ఎక్కువ తోడితే ఏమవుతుందో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. పైన మంచినీటి మట్టం ఒక్క అడుగు దిగితే, కింద ఉప్పునీటి హద్దు నిలకడకు వచ్చేసరికి సుమారు 40 అడుగులు పైకి జరుగుతుంది. పైన నీటిమట్టం పుటాకారంగా కుంగుతుంది, కింద ఉప్పునీరు కుంభాకారంగా ఉబ్బి వస్తుంది. మా మనవడి పుస్తకంలోని రెండు మాటలూ ఒకే బావి కింద కలుసుకుంటాయి. మన దొరువు రైతుకు ఈ లెక్క తెలియదు. "లోతుకు పోతే ఉప్పు తగులుద్ది" అని మాత్రం తెలుసు. ఆ తెలివంతా దొరువు అనే మాటలో దాచుకున్నాడు.

ఇక నా తప్పు.

1980ల మొదట్లో, నేను కింది తరగతి గుమాస్తాగా ఉన్న రోజుల్లో, వానలు లేని ఒక సంవత్సరం. నీటి వనరుల మరమ్మతుకు గ్రామాలవారీగా జాబితా పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గ్రామం నుంచి వచ్చిన చేతిరాత కాగితంలో తీరం వైపు ఒక ఊళ్లో "దొరువులు" అని ఉంది, వాటి సంఖ్య ఉంది. మాకిచ్చిన అచ్చు ఫారంలో ఉన్న గళ్లు నాలుగే. చెరువు, కాలువ, బావి, ఇతరములు. ఇతరములు అని రాస్తే నిధులు రావని పై గుమాస్తా నుంచి అటెండరు దాకా అందరికీ తెలుసు. నేను మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఆ దొరువులను బావి గడిలో వేసి సాపు రాత కాపీ పంపించాను.

నిధులు వచ్చాయి. బావులకు వచ్చే పని ఏది? పూడిక తీసి, లోతు చేసి, సిమెంటు ఒరలు దింపడం. కాంట్రాక్టరు వచ్చి అదే చేశాడు. ఆ మొదటి ఏడు నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని కబురు వచ్చింది, మేమూ సంతోషించాం. మరుసటి వేసవికి నీళ్లు ఉప్పగా మారాయి. సరుగుడు నారు పచ్చబడి మాడిపోయింది.

ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. చేతిలో చిన్న చెంబు. నా బల్ల ముందు నిలబడి, "సామీ, మా దొరువును బాయి అన్నదెవురు?" అని అడిగాడు. గొడవ పెట్టుకోవడానికి వచ్చిన గొంతు కాదు. తెలుసుకోవాలని అడిగాడు. నేను, "పైనుంచి వచ్చిన ఫారం పెద్దాయనా, మా చేతిలో ఏముంది" అన్నాను. ఆయన చెంబు నా వైపు జరిపి, "ఒక్క గుక్క తాగి చూడు సామీ" అన్నాడు. నేను తాగలేదు. ఏదో పని ఉన్నట్లు లేచి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు. చెంబు మాత్రం బల్ల మీదే ఉంది.

ఆ ఫైలులో నా రాత ఉంది. ఎవరూ నన్ను సంజాయిషీ అడగలేదు. అడిగితే ఫారం చూపించేవాణ్ణి. అందుకే ఇన్నేళ్లూ అది నాలోనే ఉండిపోయింది. ఆ ఒరల లోతు చూసిన తరవాత ఆ ఊరివాళ్లు దూరంగా మళ్లీ పాత పద్ధతిలో దొరువులు తవ్వుకున్నారని విన్నాను. తరవాత బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు దొరువు పద్ధతినే మెరుగుపరచి, రంధ్రాలున్న గొట్టాలను తక్కువ లోతులో అడ్డంగా పరిచి, మధ్య గుంటలోకి మంచినీటిని రాబట్టే ఏర్పాటు చేశారు. దొరువును వాళ్లు లోతు చేయలేదు, వెడల్పు చేశారు. ఆ సంగతి చదివిన రోజు నాకు ఆ చెంబు గుర్తుకొచ్చింది.

మన రాష్ట్రంలో 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. ఆఫీసుల్లో తెలుగు రావాలని మనమంతా కోరుకున్నాం. వచ్చినంత వరకు వచ్చింది. కాని ఇంగ్లీషు ఫారాన్ని తెలుగులోకి దింపినప్పుడు, ఇంగ్లీషులో ఎన్ని గళ్లున్నాయో అన్నే తెలుగు మాటలను ఉంచి, మిగతావాటిని ఇతరములలో పడేశాం. దొరువు ఇతరములలో పోయింది. గూడ, మడుగు, కోన కూడా పోయాయి. భాష తెలుగే, అందులో ఊరు లేదు.

ఈ పనిని శ్రద్ధగా చేసినవారూ ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోట మాటలు సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం తయారుచేశారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనే వచ్చింది, చేనేత పదాలది 1971లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వాటిని ప్రచురించింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరనైనా లేదు. అటువంటి పుస్తకం ఒకటి ప్రతి ఆఫీసు బల్ల మీద ఉండి, ఫారం నింపేముందు తెరిచి చూసే అలవాటు ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంకా ఆలస్యం కాలేదు. 2022 ఏప్రిల్‌లో మన సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలోనుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రికార్డులు కొత్త చోట్లకు చేరాయి, ఇప్పుడు అన్నీ కంప్యూటరు గళ్లలోకి ఎక్కుతున్నాయి. కంప్యూటరు గడి అచ్చు ఫారం గడికన్నా ఇరుకు. అందులో లేని మాటను నొక్కడానికి వీల్లేదు.

అందుచేత నా మనవి ఒక్కటే. మనలో రెవిన్యూలో పనిచేసినవారున్నారు, ఇరిగేషన్‌లో, మత్స్యశాఖలో, బడుల్లో, షార్‌లో పనిచేసినవారున్నారు. మీ మీ ఊళ్లలో, మీ పనిలో విన్న నేల మాటలు, నీటి మాటలు ఒక్కొక్కరు పది రాసి ఇవ్వండి. మాట, దాని ఆకారం, అది దేనికి పనికి వస్తుంది, అది ఏది కాదు అన్నంత వరకు చాలు. పడవ నడిపేవారిని, నారు పోసేవారిని, పెంకులు సర్దేవారిని అడగండి. మా ఇంటికి పంపినా, సంఘం ఆఫీసులో ఇచ్చినా నేనే కూర్చొని సాపు రాస్తాను. సాపు రాయడం నాకు వచ్చిన విద్య. ఈసారి గడి మార్చను.

మొదటి మాటగా దొరువు నేనే రాసి ఇస్తున్నాను. దొరువు: సముద్రతీరపు ఇసుక నేలలో, ఉప్పునీటికి తగలకుండా, పైన తేలే మంచినీటి కోసం వెడల్పుగా, తక్కువ లోతున, ఏటవాలు అంచులతో తవ్వే గుంట. బావి కాదు.